స్పీకర్లో ‘టప్’ చప్పుడు: డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో ఆడియో పవర్ సేవింగ్‌ను గుర్తించి సరిచేయడం ఎలా?

పాట ఆగిన కాసేపటికి స్పీకర్లో ‘టప్’ మంటుంది. మళ్లీ ఏదైనా మోగించబోతే, మొదటి స్వరం వినిపించేలోపే ఇంకో ‘టప్’. విశాఖపట్నంలో డెస్క్‌టాప్‌కు 2.1 స్పీకర్లు తగిలించుకున్న ఇళ్లలో ఈ ఫిర్యాదు తరచుగా వింటుంటాను. వినగానే చాలామంది స్పీకర్లు పోయాయని నిర్ధారించుకుని, ద్వారకానగర్ వెళ్లి కొత్తవి కొనుక్కొస్తారు. కొత్తవి కూడా రెండో రోజు నుంచే అదే చప్పుడు చేస్తాయి. బాగున్న స్పీకర్లను ఇలా పాత సామాన్ల వాడికి ఇచ్చేయడం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పైసా ఖర్చు లేకుండా, ఒక్క అంకె మారిస్తే పోయే జబ్బు ఇది. అయితే ఆ అంకెను మార్చే ముందు జబ్బు ఆడియో పవర్ సేవింగేనని రుజువు చేసుకోవాలి. అందుకే ఈ వ్యాసంలో మందు కన్నా పరీక్షకే ముందు చోటు ఇస్తున్నాను.

చప్పుడు ఎక్కడ పుడుతోంది

మదర్‌బోర్డు మీద ధ్వని పని చూసే చిన్న చిప్ ఒకటి ఉంటుంది. దాన్ని కోడెక్ అంటారు. ఎక్కువ బోర్డుల మీద కనిపించేది రియల్‌టెక్ కోడెక్: ఏఎల్‌సీ887, ఏఎల్‌సీ892, ఏఎల్‌సీ897, ఏఎల్‌సీ1220 వంటివి. ఇవన్నీ 2004లో ఇంటెల్ విడుదల చేసిన హై డెఫినిషన్ ఆడియో ప్రమాణం ప్రకారం పనిచేస్తాయి. ఆ ప్రమాణంలో చిప్‌కు డీ0 నుంచి డీ3 వరకు విద్యుత్ స్థితులు ఉన్నాయి. డీ0 అంటే పూర్తి మెలకువ, డీ3 అంటే గాఢనిద్ర. కొన్ని సెకన్ల పాటు ధ్వని ఏదీ లేకపోతే, ఆపరేటింగ్ సిస్టమ్ విద్యుత్ పొదుపు కోసం కోడెక్‌ను డీ3లోకి పంపుతుంది.

మెలకువగా ఉన్నప్పుడు కోడెక్ అవుట్‌పుట్ దగ్గర ఒక స్థిరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. ధ్వని తరంగం దాని చుట్టూ పైకీ కిందికీ ఊగుతుంది. స్థిర వోల్టేజీ స్పీకర్ వైపు పోకుండా మధ్యలో ఒక కెపాసిటర్ అడ్డం ఉంటుంది. కోడెక్ నిద్రలోకి జారగానే ఆ వోల్టేజీ పడిపోతుంది, లేవగానే తిరిగి పెరుగుతుంది. కెపాసిటర్ స్థిరంగా ఉన్నదాన్ని ఆపగలదు గానీ మార్పును ఆపలేదు. దాంతో ఆ పడటం, లేవడం రెండూ ఒక్కో కుదుపుగా తీగలోకి వెళ్తాయి. మన ఇళ్లలో నీళ్లు ఆగిపోయిన కొళాయి మళ్లీ వచ్చేటప్పుడు, నీటికన్నా ముందు గాలి ‘బుస్’ మని తన్నుకొచ్చినట్టే. డెస్క్‌టాప్ స్పీకర్ల లోపల ఆంప్లిఫయర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది కనుక ఆ చిన్న కుదుపును అది పెద్దది చేసి వినిపిస్తుంది. సబ్‌వూఫర్ ఉంటే బల్ల మీద గ్లాసు కూడా కదులుతుంది.

బ్యాటరీ మీద నడిచే ల్యాప్‌టాప్‌లో ఈ పొదుపునకు కొంత అర్థం ఉంది. గోడ ప్లగ్గు మీద నడుస్తూ, ఊరికే ఉన్నప్పుడు కూడా పదుల వాట్లు తీసుకునే డెస్క్‌టాప్‌లో కోడెక్ నిద్రతో మిగిలేది చాలా స్వల్పం. కరెంటు బిల్లులో ఆ తేడా కనిపించదు. కాబట్టి దీన్ని ఆపేయడానికి సంకోచించవలసిన అవసరం లేదు.

ముందు పరీక్షలు

ఎంవీపీ కాలనీలో విశ్రాంత ఉద్యోగి ఒకాయన తెల్లవారుజామున కీర్తనలు వింటారు. ప్రతి కీర్తనకూ ముందు ‘టప్’ మంటోందని నన్ను పిలిచారు. “తీగ మార్చమంటారా?” అని అడిగితే, “తీగ సంగతి తర్వాత మాస్టారూ, ముందు మీ ఫోనులో స్టాప్‌వాచ్ తీయండి” అన్నాను. మీరూ అక్కడి నుంచే మొదలుపెట్టండి.

1. తెరిచి ఉన్న బ్రౌజరు, ప్లేయరు అన్నీ మూసేయండి. పాటను పాజ్‌లో పెట్టినా కొన్ని ప్రోగ్రాములు ఆడియో పరికరాన్ని కాసేపు వదలవు. అప్పుడు లెక్క తప్పుతుంది.

2. విండోస్ అయితే టాస్క్‌బార్‌లోని వాల్యూమ్ మీటను కొద్దిగా జరిపి వదలండి, చిన్న గంట మోగుతుంది. అదే క్షణంలో స్టాప్‌వాచ్ నొక్కండి. ‘టప్’ వినగానే ఆపండి.

3. ఇదే మళ్లీ మళ్లీ చేయండి. ప్రతిసారీ ఇంచుమించు అదే వ్యవధి వస్తే, చప్పుడు వెనుక ఒక టైమర్ ఉందన్నమాట. ఒకసారి పది సెకన్లు, ఇంకోసారి నాలుగు నిమిషాలు వస్తే కారణం వేరే చోట వెతకాలి.

4. కంప్యూటర్ వాల్యూమ్‌ను బాగా తగ్గించి చూడండి. పాట తగ్గినా ‘టప్’ తగ్గకపోతే అది మంచి ఆధారం. ఆ కుదుపు పాటతో పాటు రాదు, కోడెక్ అవుట్‌పుట్ దగ్గరే పుడుతుంది. స్పీకర్ మీది నాబ్ తిప్పితే మాత్రం సాధారణంగా తగ్గుతుంది.

5. చివరి పరీక్ష అన్నిటికన్నా గట్టిది. పెద్ద వీడియో ఏదైనా పెట్టి, సిస్టమ్ వాల్యూమ్ సున్నా చేసి, దాన్ని అలాగే నడవనివ్వండి. ధ్వని వినిపించకపోయినా పరికరం తెరిచే ఉంటుంది కనుక కోడెక్ నిద్రపోదు. ఆ సమయమంతా ‘టప్’ రాకపోతే ఇక అనుమానం అక్కర్లేదు.

ఎంవీపీ కాలనీ ఇంట్లో వ్యవధి ప్రతిసారీ ఒకటే వచ్చింది, వీడియో నడుస్తున్నంత సేపూ చప్పుడు లేదు. ఆయన తీగను, స్పీకర్‌ను ముట్టుకోవలసిన పనే పడలేదు.

మన ఊళ్లో మోసపుచ్చే ఇతర చప్పుళ్లు

సముద్రం ఒడ్డున ఉన్న ఊరు కనుక ఇది ప్రత్యేకంగా చెప్పాలి. పెదవాల్తేరు, లాసన్స్ బే కాలనీ, జాలారిపేట వంటి చోట్ల ఉప్పుగాలి లోహం మీద త్వరగా పని చూపిస్తుంది. 3.5 మిల్లీమీటర్ల జాక్ పిన్ను మీద మసక పొర ఏర్పడితే స్పీకర్లో చిటపటలు వస్తాయి. దీన్ని పట్టుకోవడం తేలిక: పాట మోగుతుండగా పిన్నును వేళ్ల మధ్య మెల్లగా తిప్పండి. తిప్పినప్పుడల్లా చిటపటలు వచ్చి, ఒకవైపు స్పీకర్ ఆగి ఆగి మోగితే అది జాక్ జబ్బు. కంప్యూటర్ ఆపేసి, ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో దొరికే కాంటాక్ట్ క్లీనర్‌ను మెత్తటి గుడ్డ మీద చల్లి పిన్ను తుడవండి. ఆరాక పిన్నును జాక్‌లోకి పెట్టి తీసి, మళ్లీ పెట్టండి. ఇసుక కాగితంతో గీకితే పైపూత పోయి, తర్వాత ఇంకా త్వరగా పాడవుతుంది; ఆ పని మాత్రం వద్దు.

ఫ్రిజ్ ఆన్ అయినప్పుడో, అపార్ట్‌మెంట్ నీళ్ల మోటారు వేసినప్పుడో వచ్చే ‘టక్’ కరెంటు లైనులోది. ఆడియో తీగను కంప్యూటర్ నుంచి పీకేసినా అది వస్తూనే ఉంటుంది. ఆగకుండా ‘బూం’ మనే హోరు ఎర్తింగ్‌కు సంబంధించినది. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల అడాప్టర్‌తో వాడుతున్నారేమో ముందు చూసుకోండి. పాట మధ్యలో ముక్కలు ముక్కలుగా తెగుతూ వచ్చే చిటపటలు ప్రాసెసర్ సకాలంలో ధ్వనిని అందించలేకపోవడం వల్ల వస్తాయి. దానికి డ్రైవర్లను చూడాలి. కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు ఒక్కసారి వచ్చే ‘టప్’ సహజం. స్పీకర్లను ఆఖరున ఆన్ చేసి, ముందుగా ఆపితే అదీ వినిపించదు.

విండోస్‌లో సరిచేయడం

మొదట తేలిక దారి. రియల్‌టెక్ ప్యానెల్ ఉంటే తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్ అనే మీట ఉందేమో చూడండి. కొన్ని యంత్రాల్లో ఉంటుంది, చాలా డెస్క్‌టాప్‌లలో ఉండదు. ఉంటే ఆపేసి, స్టాప్‌వాచ్ పరీక్ష మళ్లీ చేయండి.

లేకపోతే విండోస్ తన సెట్టింగులను దాచుకునే రిజిస్ట్రీలోకి వెళ్లాలి. భయపడవలసింది ఏమీ లేదు గానీ, చెప్పిన చోట తప్ప ఇంకెక్కడా చేయి పెట్టకూడదు. ముందుగా, అవసరమైతే పాత స్థితికి తిరిగి వెళ్లేందుకు ఒక రిస్టోర్ పాయింట్ చేసుకోండి.

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, రెజెడిట్ (regedit) అని టైపు చేసి ఎంటర్ కొట్టండి. ఎడమవైపు చెట్టులో హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, క్లాస్ అని వరుసగా తెరుస్తూ వెళ్లండి. క్లాస్ కింద మీసాల బ్రాకెట్లలో పొడుగాటి అంకెల పేర్లు చాలా కనిపిస్తాయి. వాటిలో 4డీ36ఈ96సీ అని మొదలై 08002బీఈ10318 అని ముగిసేది మనకు కావలసింది. 4డీ36ఈ9 వరకు ఒకేలా ఉండే పేర్లు పక్కపక్కనే ఉంటాయి, కాబట్టి 96సీ అన్న ముక్కను తప్పకుండా చూసుకోండి. దాన్ని నొక్కితే కుడివైపు క్లాస్ పేరు మీడియా అని కనిపించాలి. ఆ కీ మీద కుడి క్లిక్ చేసి, ఎక్స్‌పోర్ట్ నొక్కి, ఒక నకలును డెస్క్‌టాప్ మీద దాచుకోండి. ఏదైనా తేడా వస్తే ఆ ఫైలును రెండుసార్లు నొక్కితే పాత విలువలు తిరిగి వస్తాయి.

దాని కింద 0000, 0001, 0002 అంటూ ఫోల్డర్లు ఉంటాయి. ఒక్కోదాన్ని నొక్కి, కుడివైపు డ్రైవర్‌డెస్క్ అన్న వరుస చదవండి. రియల్‌టెక్ అనో, హై డెఫినిషన్ ఆడియో డివైస్ అనో ఉన్నదే మన స్పీకర్ల కోడెక్. గ్రాఫిక్స్ కార్డు హెచ్‌డీఎంఐ ఆడియోకు కూడా ఇలాంటి ఫోల్డరే ఉంటుంది. దాన్ని వదిలేయండి.

సరైన ఫోల్డర్ కింద పవర్‌సెట్టింగ్స్ అనే చిన్న ఫోల్డర్ ఉంటుంది. దాన్లో మూడు విలువలు:

కన్జర్వేషన్‌ఐడిల్‌టైమ్ — బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఎన్ని సెకన్లకు నిద్రపుచ్చాలి.
పెర్ఫార్మెన్స్‌ఐడిల్‌టైమ్ — గోడ ప్లగ్గు మీద ఉన్నప్పుడు ఎన్ని సెకన్లకు నిద్రపుచ్చాలి.
ఐడిల్‌పవర్‌స్టేట్ — ఎంత లోతైన నిద్రలోకి పంపాలి. ఇక్కడ 03 ఉంటే డీ3.

డెస్క్‌టాప్‌కు అసలు పని రెండోదానితోనే. అయినా మొదటి రెండింటినీ మార్చేయండి. విలువలు పదహారు ఆధారంగా రాసిన నాలుగు జతల్లో ఉంటాయి, మొదటి జత అన్నిటికన్నా చిన్న స్థానం. 0ఏ 00 00 00 అంటే 10 సెకన్లు, 1ఈ 00 00 00 అంటే 30 సెకన్లు. ఇప్పుడు మీ స్టాప్‌వాచ్ లెక్కను ఈ అంకెతో పోల్చి చూడండి. రెండూ కలిస్తే దొంగ మీ కళ్లెదుటే ఉన్నాడు. నాకు ఈ పని మొత్తంలో ఇష్టమైన క్షణం ఇదే, ఎందుకంటే ఊహ ఇక్కడ రుజువుగా మారుతుంది.

విలువ పేరు మీద రెండుసార్లు నొక్కండి. చిన్న కిటికీ తెరుచుకుంటుంది. ఎడమ అంచున కనిపించే అంకెలు వరుస సంఖ్యలు, వాటితో పని లేదు. వాటి పక్కనున్న నాలుగు జతలను మౌస్‌తో ఎంపిక చేసి చెరిపేసి, 00 00 00 00 అని టైపు చేయండి. చెరపకుండా టైపు చేస్తే జతలు పెరిగిపోవచ్చు. ఓకే నొక్కేముందు సరిగ్గా నాలుగే ఉన్నాయని చూసుకోండి. సున్నా అంటే వెంటనే నిద్రపుచ్చమని కాదు, టైమర్‌నే ఆపేయమని. రెండో విలువకూ ఇలాగే చేయండి. ఐడిల్‌పవర్‌స్టేట్‌ను ప్రస్తుతానికి కదపవద్దు. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి పరీక్షించండి. అప్పటికీ చప్పుడు పోకపోతే దాన్ని కూడా 00 00 00 00 చేసి చూడండి.

పవర్‌సెట్టింగ్స్ ఫోల్డరే లేకపోతే? డ్రైవర్‌ను మార్చి చూడటం నాకు తెలిసిన మంచి దారి. డివైస్ మేనేజర్‌లో సౌండ్ విభాగం కింద రియల్‌టెక్ పేరు మీద కుడి క్లిక్ చేసి, అప్‌డేట్ డ్రైవర్, తర్వాత కంప్యూటర్లో వెతికే దారి, ఆ తర్వాత జాబితా నుంచి ఎంచుకునే దారి పట్టండి. అక్కడ మైక్రోసాఫ్ట్ సొంత డ్రైవర్ హై డెఫినిషన్ ఆడియో డివైస్ కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని రీస్టార్ట్ చేయండి. రియల్‌టెక్ ఈక్వలైజర్ వంటి సదుపాయాలు పోతాయి. పాటలు, వీడియోలు వినడానికి వాటి అవసరం పెద్దగా లేదనే నా అభిప్రాయం. నచ్చకపోతే రోల్ బ్యాక్ మీట ఉండనే ఉంది.

లినక్స్‌లో సరిచేయడం

లినక్స్ వాడేవారికి పని ఇంకా సూటిగా ఉంటుంది. కింది పేర్లన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైపు చేయాలి. /సిస్/మాడ్యూల్/ఎస్‌ఎన్‌డీ_హెచ్‌డీఏ_ఇంటెల్/పారామీటర్స్/పవర్_సేవ్ అనే ఫైలును క్యాట్ ఆదేశంతో చదవండి. వచ్చే అంకె సెకన్లు. 0 వస్తే కెర్నెల్ (లినక్స్ మూల భాగం) వైపు నుంచి పొదుపు లేదు. 1, 10 వంటివి వస్తే ఉంది. పేరులో ఇంటెల్ ఉందని ఏఎండీ వాళ్లు దాటేయవద్దు, ఏఎండీ బోర్డుల మీదా సాధారణంగా ఇదే మాడ్యూల్ నడుస్తుంది.

స్టాప్‌వాచ్ లెక్క ఇక్కడ కొంచెం తికమక పెడుతుంది. పైప్‌వైర్‌తో నడిచే వైర్‌ప్లంబర్, పాత పల్స్‌ఆడియో అనేవి ధ్వనిని స్పీకర్లకు చేరవేసే పని చూసే ప్రోగ్రాములు; రెండూ ధ్వని ఆగాక మామూలుగా 5 సెకన్లు ఆగి పరికరాన్ని వదులుతాయి. కెర్నెల్ టైమర్ ఆ తర్వాతే మొదలవుతుంది. కాబట్టి ఫైలులో 10 ఉంటే ‘టప్’ వినిపించేది 15 సెకన్ల దగ్గర, 1 ఉంటే 6 సెకన్ల దగ్గర. ఈ కూడిక తెలియక, అంకె కలవలేదని సరైన కారణాన్నే వదిలేసిన వారిని చూశాను.

తాత్కాలికంగా ఆపడానికి సుడో, టీ ఆదేశాలతో ఆ ఫైలులో 0 రాయండి. చప్పుడు పోతే శాశ్వతం చేయండి: /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్‌లో .కాన్ఫ్ అని ముగిసే కొత్త ఫైలు పెట్టి, ‘ఆప్షన్స్ ఎస్‌ఎన్‌డీ_హెచ్‌డీఏ_ఇంటెల్ పవర్_సేవ్=0’ అని ఒక్క వరుస రాసి రీస్టార్ట్ చేయండి.

రీస్టార్ట్ తర్వాత అంకె మళ్లీ మారిపోయి కనిపిస్తే, విద్యుత్ పొదుపు చూసే వేరే ప్రోగ్రాము మీ మీద పెత్తనం చేస్తోంది. టీఎల్‌పీ ఉంటే దాని కాన్ఫిగరేషన్ ఫైలులో సౌండ్_పవర్_సేవ్_ఆన్_ఏసీ అనే వరుసను పెద్ద అక్షరాల్లోనే ఉంచి 0 చేయండి. ట్యూన్డ్ ఉంటే దాని ప్రొఫైల్‌లోని ఆడియో విభాగం చూడండి. పవర్‌టాప్‌ను ఆటో ట్యూన్‌తో ప్రతిసారీ నడిపించే ఏర్పాటు చేసుకున్నవారు, అది ఆడియో పొదుపును కూడా ఆన్ చేస్తుందని గుర్తుంచుకోవాలి.

కెర్నెల్ అంకె 0 వద్దే నిలిచినా 5 సెకన్ల దగ్గర చిన్న ‘టిక్’ మిగిలితే, అది పరికరాన్ని వదిలేటప్పటి చప్పుడు. వైర్‌ప్లంబర్ నియమాల్లో సెషన్.సస్పెండ్-టైమౌట్-సెకండ్స్ విలువను 0 చేయాలి. పల్స్‌ఆడియోలో డిఫాల్ట్.పీఏ ఫైలు తెరిచి, సస్పెండ్-ఆన్-ఐడిల్ మాడ్యూల్‌ను లోడ్ చేసే వరుసకు ముందు # గుర్తు పెట్టాలి.

యూఎస్‌బీ, హెచ్‌డీఎంఐ వాడేవారికి

యూఎస్‌బీ స్పీకర్లు, యూఎస్‌బీ సౌండ్ అడాప్టర్లకు మదర్‌బోర్డు కోడెక్‌తో సంబంధం లేదు. అక్కడ నిద్రపుచ్చేది యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్. విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, మీ ప్లాన్ అడ్వాన్స్‌డ్ సెట్టింగులలో దాన్ని డిజేబుల్డ్ చేయండి. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్‌కు పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్ ఉంటే, ఈ పరికరాన్ని ఆపడానికి కంప్యూటర్‌కు అనుమతి ఇచ్చే గడిలోని టిక్కు కూడా తీసేయండి.

హెచ్‌డీఎంఐ మీద మానిటర్‌కో టీవీకో ధ్వని పంపేవారికి ‘టప్’ కన్నా మొదటి మాట మింగేయడం ఎక్కువగా కనిపిస్తుంది. అవతలి పరికరం సంకేతం వచ్చాక లేచి సర్దుకునేలోపు ఆ మాట పోతుంది. దానికి రిజిస్ట్రీ అంకెలు పెద్దగా ఉపయోగపడవు. నిశ్శబ్దాన్నే నిరంతరం మోగిస్తూ ఉండే సౌండ్ కీపర్ వంటి చిన్న ఉచిత ప్రోగ్రాము విండోస్‌లో బాగా పనిచేస్తుంది. రియల్‌టెక్ కోడెక్ విషయంలో పై మార్గాలన్నీ విఫలమైనవారికి కూడా ఇదే ఆఖరి ఆసరా.

సరిచేశాక

విండోస్ ఆడియో డ్రైవర్ అప్‌డేట్ అయినప్పుడు పవర్‌సెట్టింగ్స్ విలువలు పాత స్థితికి వెళ్లిపోవచ్చు, ఫోల్డర్ 0001 నుంచి 0003కు మారనూ వచ్చు. అందుకని మీరు మార్చిన విలువలు, ఫోల్డర్ నంబరు, మార్చిన తేదీ ఒక చీటీ మీద రాసి సీపీయూ డబ్బాకు అతికించండి. కొన్ని నెలల తర్వాత ‘టప్’ తిరిగి వస్తే, జాక్‌నో స్పీకర్‌నో అనుమానించే ముందు ఆ చీటీ చూసి రిజిస్ట్రీలో అవే అంకెలు ఉన్నాయేమో సరిపోల్చండి.